గేరు మార్చాలా? సైకిలే మార్చాలా?

ఇంట్లో గేరు సైకిల్ తొక్కే కుర్రాడుంటే ఈ ప్రశ్న ఏదో ఒకరోజు రాక తప్పదు. కొన్న కొత్తలో అంతా బాగుంటుంది. ఆర్నెల్లకి గేర్లు కటకటమంటాయి. ఏడాదికి బ్రేకులు కీచుమంటాయి. అప్పుడు మొదలవుతుంది... ‘ముందు ఫోర్కు ఒక్కటి మార్చుకుంటే చాలు’, ‘డిస్క్ బ్రేకులొక్కటి వేయించుకుంటే చాలు’ అని. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఒక్కదానితో ఆగదు.

మా అక్కావాళ్లది చిత్తూరు. బావకి చిన్న జెరాక్స్ షాపుంది. మేనల్లుడు తిరుపతిలో డిగ్రీ చదువుతూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. రెండేళ్ల కిందట తొమ్మిదిన్నర వేలు పెట్టి కొన్న గేరు సైకిల్ వాడిది. కాలేజీకీ అదే, సాయంత్రం పిల్లలకి ట్యూషన్ చెప్పడానికి పోయేదీ దానిమీదే. ఆదివారం తెల్లారకముందే స్నేహితులతో కలిసి శ్రీనివాస మంగాపురమో, చంద్రగిరి కోటో పోయి టిఫిన్ వేళకి వచ్చేస్తాడు. ఆ బృందంలో ఇద్దరివి ముప్పై వేల పైచిలుకు సైకిళ్లు. ఒకరోజు అందరూ కలిసి తలకోన పోదామనుకున్నారు. యాభై కిలోమీటర్ల పైమాటే. మధ్యలో భాకరాపేట ఘాట్. అంతే, మావాడు నోటుపుస్తకం వెనక పేజీలో ఒక జాబితా రాసుకొచ్చాడు.

ముందు ఫోర్కు మూడున్నర వేలు. డిస్క్ బ్రేకులు, వాటికి తగ్గ చక్రాలు అయిదున్నర వేలు. గేర్ల సెట్టు నాలుగు వేలు. హ్యాండిలు, సీటు కలిపి పదిహేను వందలు. మొత్తం పద్నాలుగున్నర వేలు. సైకిల్ కన్నా సైకిల్ మరమ్మతు అయిదు వేలు ఎక్కువన్నమాట!

సంగతి తెలిసి అక్క ఫోన్ చేసింది. “గ్రైండర్ కోసరం చీటీ వేసినా కదరా... వచ్చే నెల పదిహేను వేలు చేతికొస్తాది. వాడికిచ్చేద్దాం లే. ఉండే గ్రైండరు ఇంకో ఏడాది ఆడకపోతాదా?” అంది. ఆ పాత గ్రైండరు ఎట్లా ఆడుతుందో నాకు తెలుసు. బెల్టు జారినప్పుడల్లా రాయిని చేత్తో తిప్పి మళ్లీ స్విచ్చి వేస్తుంది. అక్క అట్లా ఇంకో ఏడాది సర్దుకుంటే మిగిలే డబ్బు అది. దాన్ని దేనిమీద పెట్టినా నిలబడాలి. అందుకే లెక్క తేలేదాకా ఆగమన్నాను.

అసలు ఈ మౌంటెన్ బైక్ అనేదే పాత సైకిళ్లకి మరమ్మతులు చేస్తూ చేస్తూ ఉంటే పుట్టింది. 1970ల్లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న మరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు కొండ మీద నుంచి మట్టిదారుల్లో సైకిళ్లమీద దిగడం సరదాగా మొదలుపెట్టారు. వాళ్లకి దొరికినవి 1930ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాటికి. కొండ దిగేసరికి ఆ వేడికి హబ్‌లో గ్రీజు కాలిపోయి పొగలొచ్చేది. ప్రతిసారీ హబ్ విప్పి కొత్త గ్రీజు పెట్టాల్సి వచ్చేది. ఆ పనిని వాళ్ల భాషలో ‘రీప్యాక్’ అంటారు. 1976 అక్టోబరు 21న అక్కడ మొదలైన పందేనికి ఆ పేరే స్థిరపడింది. గ్యారీ ఫిషర్ అనే ఆయన తన పాత సైకిల్‌కి గేర్లు బిగించాడు, డ్రమ్ బ్రేకులు పెట్టాడు. బ్రేకు లీవర్లు మోటార్‌సైకిల్‌వి. మావాడి జాబితాకి ఆయన్ని ముత్తాత అనొచ్చు.

అయితే ఎన్ని మార్చినా కింద ఉన్నది ఆ పాత ఫ్రేమే. కొండ దెబ్బలకి అవి వంగేవి, విరిగేవి. చివరికి 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఆ పనికోసమే కొత్తగా ఒక ఫ్రేము తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీవాళ్ల స్టంప్‌జంపర్ రావడంతో అలాంటి సైకిళ్లు ఫ్యాక్టరీల్లోంచి బయటికి రావడం మొదలైంది. మరమ్మతుల్లో ఆరితేరినవాళ్లే ఒక దశ దాటాక, ఇక దీనిమీద పెట్టడం దండగ అనుకున్నారు. ఆ దశ ఎక్కడొస్తుందో తెలుసుకోవడమే అసలు కిటుకు.

దానికోసం మా వీధి చివర సైకిల్ షాపుకి ఇద్దరం పోయాం. ఆ పెద్దాయన చేతిమీదుగా ఓవరాయిలింగ్ కాని సైకిల్ మా పేటలో లేదు. జాబితా చూపిస్తే ఆయన చదవలేదు. సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, చైను వేలితో లాగి చూసి, “సామీ, గోడ గట్టిగుంటే సున్నం కొట్టుకోవచ్చు. ముందు గోడ సంగతి చూడాల” అన్నాడు. ఫ్రేము అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి, పగుళ్లున్నాయేమోనని ఒక్కొక్కటీ పరీక్షించాడు. లేవు. అప్పుడు మావాడి జాబితా తీసుకుని దాన్ని మూడు భాగాలు చేశాడు.

మొదటిది, ఎటూ అరిగిపోయే సామాన్లు. బ్రేకు రబ్బర్లు, వైర్లు, చైను, ఫ్రీవీలు, టైర్లు, బేరింగుల్లో గ్రీజు. వీటిమీద పెట్టిన డబ్బు దండగ కాదు. సైకిల్ పాతదైనా కొత్తదైనా వీటికి ఖర్చు తప్పదు. చైను అరిగిందో లేదో ఇంట్లో స్కేలుతోనే చూసుకోవచ్చు. కొత్త చైనులో లోపలిదీ బయటిదీ కలిపి ఒక జతగా లెక్కిస్తే పన్నెండు జతలు కచ్చితంగా 12 అంగుళాలుంటాయి. అది అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా బద్ధకించామంటే ఫ్రీవీలు పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి. అప్పుడు రెండూ కొనాలి. మావాడిది ఆ రెండో రకానికే వచ్చింది.

రెండోది, తీగ లాగితే డొంకంతా కదిలించే సామాన్లు. డిస్క్ బ్రేకు కావాలంటే ఫోర్కుకీ, వెనక ఫ్రేముకీ దాన్ని బిగించే చెవులుండాలి. మావాడి సైకిల్‌కి లేవు. పోనీ ముందు వరకైనా అనుకుంటే ఫోర్కు మారాలి, హబ్ మారాలి, చక్రం మారాలి. ఫోర్కు సంగతి తీసుకుంటే, తక్కువ ధరలో దొరికేవాటిలో ఉండేది ఉత్త స్ప్రింగే. గుంతలో పడితే నొక్కుకుంటుంది, వెంటనే ఎగరేస్తుంది. ఆ ఎగురుడుని అదుపుచేసే ఏర్పాటు ఉన్న ఫోర్కు కొనాలంటే దాని ధర మావాడి సైకిల్ ధరని దాటిపోతుంది. ఇక గేర్లు. వీడి సైకిల్‌కి ఉన్నది హబ్ మీద మరతో బిగించే ఏడు పళ్లచక్రాల ఫ్రీవీలు. మంచి సైకిళ్లకి క్యాసెట్ హబ్ అని వేరే ఉంటుంది. అందులో బేరింగు ఫ్రేముకి దగ్గరగా ఉండడంతో ఇరుసు తొందరగా వంగదు. ఇందులోంచి అందులోకి మారాలంటే వెనక చక్రం మొత్తం మార్చాల్సిందే. “ఇట్లా ఒక్కొక్కటీ విడిగా కొంటా పోతే నాయనా, నువ్వు మంచి సైకిల్ డబ్బు కడతావు, ఇంటికి తీసకపోయేది మాత్రం దీన్నే” అన్నాడు పెద్దాయన మావాడి భుజం తట్టి.

మూడోది మేం ఎవరం అనుకోనిది. పాత సైకిల్ పోయినా మనతోపాటు కొత్తదానికి వచ్చేసే సామాన్లు. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, గాలి పంపు, పంక్చర్ సామాను, తాళం. వీటిలో ఒక్కటీ మావాడి జాబితాలో లేదు!

మావాడు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. “కొండ ఎక్కేటప్పుడు బరువు తేడా తెలుస్తాది మామా” అన్నాడు. సరే, అదీ లెక్కేద్దామన్నాను. వాడు 62 కిలోలు, సైకిల్ 18 కిలోలు. మొత్తం 80. మంచి సైకిల్ 14 కిలోలనుకుంటే మొత్తం 76. తేడా నూటికి అయిదు. అంటే గంటసేపు ఎక్కే కొండని ఇంచుమించు మూడు నిమిషాలు ముందు ఎక్కుతాడు. ఎక్కేటప్పుడు కాళ్లు సైకిల్‌తోపాటు మనిషినీ మోస్తాయి కదా! ఆ మూడు నిమిషాలూ టైర్లలో గాలి సరిగ్గా లేకపోతే పోతాయి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, చూసేవాళ్లు తక్కువ. తారురోడ్డు మీదే ఎక్కువ తిరిగేవాళ్లు బొడిపెల టైర్లు అరిగాక, నున్నటి సన్న టైర్లు వేయించుకుంటే తొక్కుడు తేలికవుతుంది. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. గేరు సైకిల్ టైరుకీ, మామూలు సైకిల్ టైరుకీ రెండింటి మీదా 26 అని ఉండొచ్చు. కానీ ఒకటి ఇంకోదానికి పట్టదు. రిమ్ము కొలత 559 అని ఉందో లేదో చూసి తీసుకోవాలి.

ఎక్కడం ఆలస్యమైతే నష్టం లేదు. దిగడం దగ్గరే నాకు భయం. తిరుపతివాళ్లకి ఘాట్ రోడ్డు గురించి కొత్తగా చెప్పాలా? 1944లో తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. పాతదాని మీద దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతుంటే కార్ల చక్రాల దగ్గర వచ్చే కాలిన వాసన మనందరికీ తెలిసిందే. అమెరికా కుర్రాళ్ల గ్రీజు కాలిందీ ఆ వేడికే. తలకోన నుంచి తిరిగొచ్చేటప్పుడు భాకరాపేట ఘాట్ దిగాలి. అప్పటికి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, పక్కనే బస్సులూ లారీలూ. వీడి సైకిల్‌కి ఉన్నవి ఇనుప రిమ్ములు. తడిస్తే వాటిమీద బ్రేకు సరిగ్గా పట్టదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉండనే ఉందని మనవైపు ధైర్యం. కానీ దాని అవసరం రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. పెద్దాయన కూడా అదే మాటన్నాడు. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే కాబట్టి, ముందు చక్రానికి అల్యూమినియం రిమ్ము వేసి, బ్రేకు రబ్బర్లు, వైర్లు కొత్తవి బిగిద్దామన్నాడు.

మొత్తం బిల్లు రెండు వేల ఆరు వందలయింది. చైను, ఫ్రీవీలు, ముందు రిమ్ము, రబ్బర్లు, వైర్లు, ఓవరాయిలింగ్ కలిపి. హెల్మెట్, లైట్లు, పంపు మేనమామ వాటాగా నేను కొనిపెట్టాను.

వస్తూ వస్తూ దారిలో మావాడు అసలు మాట బయటపెట్టాడు. “వాళ్ల సైకిళ్ల పక్కన నాది నిలబెట్టాలంటే ఒకమాదిరిగా ఉంటాది మామా.” తీసిపారేసే మాట కాదది. ఆ వయసులో ఆ బాధ నిజమే. మంచి సైకిల్ మంచిదే. తేలిగ్గా ఉంటుంది, గేరు అడిగిన వెంటనే పడుతుంది, మన ఎత్తుకి తగ్గ ఫ్రేము సైజు చూసి తీసుకోవచ్చు. దానిమీద ఆశపడడంలో తప్పేముంది? దాన్ని ముక్కలు ముక్కలుగా, పాతదాని మీద అతికిస్తూ కొనాలనుకుంటేనే నష్టం. మావాడు ట్యూషన్ డబ్బుల్లోంచి నెలకి వెయ్యి చొప్పున పోస్టాఫీసులో ఆర్‌డీ మొదలుపెట్టాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం వాడికి కొంత ఊరట. కొనేనాటికి చూడాల్సినవి కూడా రాసిపెట్టుకున్నాడు. క్యాసెట్ హబ్ ఉందా, డిస్క్‌కి చెవులున్నాయా, నిలబడితే ఫ్రేముకీ మనకీ మధ్య ఖాళీ ఉందా అని.

ఎప్పుడు మరమ్మతు, ఎప్పుడు కొత్తది అని ఎవరైనా అడిగితే నేనిప్పుడు పెద్దాయన సూత్రమే చెబుతున్నాను. ఫ్రేము పగిలినా, ఎత్తు సరిపోకపోయినా, మరమ్మతు ఖర్చు సైకిల్ ధరలో సగం దాటినా కొత్తదానికి డబ్బు దాచుకోవాలి. లేదంటే అరిగినవి మార్చుకుని తొక్కుకోవాలి.

తలకోన పోయొచ్చారు. ఎక్కుడులో మావాడు అందరికన్నా వెనకట. దిగేటప్పుడు మాత్రం బ్రేకులు అడిగినచోటల్లా పట్టాయన్నాడు. చిత్తూరులో కొత్త గ్రైండరు వచ్చింది. చీటీ డబ్బులో చిల్లర మిగిలితే అక్క అందులోంచి ఆర్‌డీకి అయిదు వందలు పంపింది. మేనకోడలు వచ్చే ఏడాది ఇంటర్‌లో చేరుతుంది. అన్నకి కొత్తది వచ్చిన రోజు ఈ సైకిల్ తనదేనని ఇప్పుడే చెప్పిపెట్టింది. సీటు మాత్రం రెండంగుళాలు దించి ఇవ్వాలంట.