జడ్చర్ల మిషన్ దవాఖానలో

జడ్చర్లలో మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ 1950లలో పెట్టిన ఆసుపత్రి ఉంది. నేను వెళ్లేసరికి డ్రెస్సింగ్ గదిలో ఒక పెద్దాయన బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. షుగర్ పుండు. బొటనవేలి కింద మొదలై అరికాలు సగం తినేసింది. సిస్టర్ పాత కట్టును సెలైన్‌తో నానబెట్టి, గుడ్డ అంటుకున్నచోట ఆగి ఆగి విప్పుతోంది. వాసనకు నేను తలుపు దగ్గరికి జరిగాను. ఆమె మొహం ఇంకా దగ్గరికి పెట్టి చూసింది.

“చెప్పుల్లేకుండ పొలంకాడికి పోయినవా, పెద్దయ్యా?”

“గట్టు మీదికే పోయిన బిడ్డా.”

“గట్టు మీద ముళ్లుండయా?” అని కసిరింది.

తర్వాత వరండాలో అడిగాను, రోగిలో క్రీస్తు కనబడతాడా అని. నవ్వేసింది. “కట్టు కట్టేటప్పుడు ఎముక కనబడుతదా అని చూస్త సార్. ఆ ముచ్చట ఆదివారం.”

మత్తయి సువార్త 25వ అధ్యాయం చదివినవారికి ఈ జవాబు వింతగా తోచదు. అందులో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవాళ్లు, రోగిని చూడబోయినవాళ్లు తాము చూసింది రాజైన క్రీస్తునేనని తీర్పు రోజు దాకా ఎరగరు. చెబితే వాళ్లే ఆశ్చర్యపోతారు. ప్రసంగాల్లో తరచూ జారిపోయే ముక్క ఇది. రోగిని పరలోకానికి నిచ్చెన చేసుకునే సేవ నాకైతే సయించదు.

ఈ ఆసుపత్రి పెట్టిన మెన్నొనైట్ల విశ్వాసం ఇక్కడికి చుట్టుదారిన వచ్చింది. శత్రువునైనా చంపరాదంటూ సైన్యంలో చేరని మెన్నొనైట్లు 16వ శతాబ్దం నుంచి దేశాలు మారుతూ రష్యాలోనూ స్థిరపడ్డారు. అక్కడ ఆర్థడాక్స్ క్రైస్తవుల మధ్య ప్రచారం నిషేధం. దాంతో బయటిదేశాల వైపు చూశారు. వారిలో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1890 ప్రాంతంలో నల్లగొండ చేరారు. ఆ తర్వాత అమెరికా మెన్నొనైట్లు పాలమూరు ప్రాంతానికీ వచ్చారు. కేథరినా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో వచ్చి, శంషాబాద్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసి, 1945లో కన్నుమూసింది. పెళ్లి చేసుకోలేదు.

ఇక్కడి మెన్నొనైట్ సంఘంలో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఊరు అంటరానిదన్న చేతిని ఒక డాక్టరమ్మ పట్టుకుని నాడి చూసిందంటే, ఆ చేతికి మందుకంటే ముందు అందింది ఆ స్పర్శే. అలాగని చర్చిలో కులం చచ్చిపోయిందనుకోవద్దు. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలో తాగినవాళ్లు కూడా పెళ్లి సంబంధం మాట రాగానే మాలా మాదిగా అని వేరుపడడం తెలుగు సంఘాల్లో ఇంకా ఉంది.