పెనుకొండ శిథిలాల్లో నీటి జాడ

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానైనా నమ్మకంగా పడని అనంతపురం పీఠభూమిలో ఒక సామ్రాజ్యం తన రాజధానిని నిలుపుకోగలిగిందంటే, దానికి శత్రువులకు అందని కొండ ఎంత కారణమో, ఆ కొండ దిగువకు తెచ్చుకున్న నీరూ అంతే కారణం. 1565లో రక్కసి-తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు తన కొలువును పెనుకొండకు తరలించగా, 1592లో రెండవ వేంకటపతిరాయలు దానిని చంద్రగిరికి మార్చేవరకు ఈ ఊరే రాజధానిగా నిలిచింది. 2022 నాటి జిల్లాల విభజనతో పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, ఎర్రనేలలు, వేరుశనగ చేలు, బోడి గుట్టలు చూస్తే అది పాత అనంతపురం సీమేనని ఇట్టే తెలిసిపోతుంది.

ఊళ్లోకి వచ్చిన యాత్రికుణ్ణి ముందుగా ఆకట్టుకునేది గగన్‌మహల్. కింది అంతస్తులో సుల్తానుల కట్టడాల తీరు కమానులు, పైన ఆలయ విమానాన్ని తలపించే శిఖరం ఉన్న ఈ రెండంతస్తుల భవనం, యుద్ధభూమిలో ప్రత్యర్థులైనవారి శిల్పరీతులు ఒకే గోడ మీద ఎలా కలిసిపోయాయో చూపుతుంది. గచ్చు ఊడినచోట బయటపడ్డ రాళ్లు, ఇటుకలు మేస్త్రీల పనితనాన్ని విప్పి చెబుతున్నా, సందర్శకులు ఎక్కువగా అడిగేది మాత్రం మహామంత్రి తిమ్మరుసును బంధించారని చెప్పుకునే చెర ఎక్కడని. చరిత్ర కన్నా కథకే గిరాకీ ఎక్కువ.

కొండ ఎక్కేకొద్దీ సీతాఫలం పొదల మధ్య కోట గోడలు, బురుజులతోపాటు దొనలూ, అంటే బండల పల్లాల్లో వాన నీరు నిలిచే సహజమైన గుంటలూ, కనిపిస్తాయి. దొనల నీరు కావలివాళ్లకు సరిపోవచ్చునేమో గాని నగరానికి చాలదు. ఆ కొరత తీర్చడానికి జరిగిన ప్రయత్నం, పెనుకొండ రాజధాని కావడానికి చాలాముందే, నేటి కర్ణాటకలోని గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికిన 1388 నాటి శాసనంలో నమోదైంది. అప్పట్లో పెనుకొండలో ఉన్న ప్రతాప బుక్కరాయలు హెన్నె నదిని, అంటే పెన్నేటిని, నగరానికి తీసుకురమ్మని సింగాయభట్టును ఆజ్ఞాపించగా, అతడు సిరువర చెరువు వరకు కాలువ తవ్వించి దానికి బుక్కరాయల పేరు పెట్టాడు. సింగాయభట్టును శాసనం జలసూత్రజ్ఞుడని, అంటే నీటి పారుదల శాస్త్రం తెలిసినవాడని, కీర్తిస్తుంది. మంత్రుల పేర్లు, దండనాయకుల పేర్లు శాసనాల్లో కోకొల్లలు. కాలువ తవ్వించిన ఇంజనీరు పేరు ఇంత స్పష్టంగా నిలవడం అరుదు.

నీటి కొరత ఉన్నచోట నగరం ఎలా నిలుస్తుందన్న ప్రశ్న మధ్య అమెరికాలోని మాయా నగరాలను చూసినవారికి కొత్త కాదు. గ్వాటెమాలాలోని తికాల్‌లో రాజులు వాన నీటిని పెద్ద జలాశయాల్లో నిలువ చేసుకున్నా, అక్కడి తేదీలున్న శిలాస్తంభాలు 869తో ఆగిపోతాయి. యుకతాన్ సరస్సుల అడుగు మట్టిని పరిశీలించినవారు ఆ కాలంలో దీర్ఘమైన కరవులు వచ్చాయని, నగరాల పతనానికి అవీ ఒక కారణమని భావిస్తున్నారు. పెనుకొండ కథ వేరు: రాజులు దీనిని విడిచింది సుల్తానుల ఒత్తిడివల్లనే గాని నీళ్లు ఎండిపోయి కాదు, పైగా రాజు పోయినా జనం పోలేదు.

జనం నిలవడానికి రాజవంశాలతో నిమిత్తంలేని ఒక ఏర్పాటు తోడ్పడింది. చెరువు కట్టించినవారికి, దాన్ని బాగుచేసే బాధ్యత పెట్టుకున్నవారికి భూమినో పన్ను మినహాయింపునో ఇచ్చే పద్ధతిని దశబంధం అనేవారు. తూము మరమ్మతు, కట్ట మీద కంప కొట్టడం, మరువ, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లే రాతి కట్టడం, పదిలంగా ఉందో లేదో చూడటం ఇందులో భాగాలు. ఈ సీమలో నేటికీ ‘చెరువు మరువ పారింది’ అన్న మాట పల్లెకు పండుగ కబురే.

సింగాయభట్టు కాలువ తరువాత ఆరు శతాబ్దాలకు, 2016 డిసెంబరులో, హంద్రీ-నీవా పథకం ద్వారా ఎత్తిపోసిన కృష్ణా జలాలు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరాయి. 2019లో ఉత్పత్తి ప్రారంభించిన ఎర్రమంచి కార్ల కర్మాగారానికి నీళ్లు అక్కడినుంచే అందుతున్నాయి.