రత్నాల వీధిలో సైకిలు

'అమ్మా, నీకు సైకిలు తొక్కడం వచ్చు కదా?' అని మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి అడిగింది. ఏదో మాటవరసకు అడుగుతోందనుకుని 'ఆఁ, వచ్చు' అనేశాను. వచ్చిన మాట నిజమే. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా మా ఊరి నుంచి తెనాలికి రోజూ సైకిలు మీద వెళ్లొచ్చినదాన్నే. కానీ అది నలభై ఏళ్ల పైమాట. పెళ్లయ్యాక నాకు టీచరుద్యోగం వచ్చింది. స్కూలు ఇంటికి రెండు కిలోమీటర్లు. సైకిలు మీద వెళతానంటే మా అత్తగారు, 'టీచరమ్మ సైకిలు తొక్కుతూ వెళితే పిల్లలు నవ్వరూ?' అన్నారు. నవ్వుతారేమోనని నాకూ అనిపించింది. సైకిలు మా పాలేరు కొడుక్కి ఇచ్చేశాం.

అమ్మాయి మళ్లీ ఫోన్ చేసినప్పుడు అసలు సంగతి చెప్పింది. హంపీలో సైకిలు టూర్ బుక్ చేసిందట. మా ఇద్దరికే ఒక గైడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగడమే. 'నీకేమైనా పిచ్చా! నాకు 61 ఏళ్లే' అన్నాను. 'గేర్ల సైకిలమ్మా, దానంతట అదే పోతుంది' అంది. అదంతా వట్టిమాటని తర్వాత తెలిసిందనుకోండి.

ఇంకే ఊరైనా అయితే కచ్చితంగా వద్దనేదాన్ని. హంపీ అనేసరికి నోరు పెగల్లేదు. నేను 31 ఏళ్లు సోషల్ టీచర్ని. 1336లో హరిహర బుక్కరాయలు, 1509లో కృష్ణదేవరాయలు, 1565లో తళ్లికోట... నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. హంపీని మాత్రం ఒక్కసారీ చూడలేదు. మా స్కూల్లో ఎక్స్‌కర్షన్ అంటే నాగార్జునసాగర్. మరీ డబ్బులు వసూలైతే శ్రీశైలం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల క్రితం, ఏడో తరగతిలో ఈ పాఠం చెబుతుంటే ఒక పిల్లాడు లేచి నిలబడ్డాడు. 'రత్నాలు వీధిలో రాశులు పోసి అమ్మితే దొంగలు ఎత్తుకుపోరా టీచర్?' అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. 'పాఠంలో ఉన్నది చదువు. కూర్చో' అని గట్టిగా కసిరాను. కూర్చున్నాడు. ఆ తర్వాత పదో తరగతి అయ్యేదాకా వాడు నా క్లాసులో మళ్లీ చెయ్యెత్తిన గుర్తు లేదు.

* * *

గుంటూరులో రాత్రి రైలెక్కి పొద్దున్నే హొస్పేటలో దిగాను. అమ్మాయి అటునుంచి వచ్చి స్టేషన్లో కలిసింది. అక్కణ్నుంచి హంపీ 13 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లాం. దారి పొడవునా అరటితోటలు, మధ్యమధ్య ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు బండరాళ్ల గుట్టలు. మా గైడు విరూపాక్షాలయం ముందు మూడు సైకిళ్లతో నిలబడి ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుంటాయేమో. కన్నడ యాసలో చక్కటి తెలుగు మాట్లాడుతున్నాడు. 'వచ్చేవాళ్లలో మీ తెలుగువాళ్లే ఎక్కువ కదమ్మా, నేర్చుకోకపోతే ఎలా?' అన్నాడు.

గుడి ముందు వీధి వెడల్పుగా, పొద్దుటిపూట ఖాళీగా ఉంది. అక్కడే నా పరీక్ష. చుడీదారు చున్నీ నడుముకు బిగించి, సీటు కిందికి దించమని చెప్పి ఎక్కాను. మొదటి పది గజాలు హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంది. మా అమ్మాయి పక్కనే పరిగెత్తుతూ, 'ముందుకు చూడమ్మా, చక్రం వంక చూడకు' అని అరుస్తోంది. సరిగ్గా ఆ మాటే దానికి ఆరేళ్లప్పుడు నేను చెప్పాను! వీధి చివరన ఉన్న పెద్ద ఏకశిలా నంది దగ్గరికి చేరేసరికి సైకిలు నా మాట విన్నది. బెల్లు కొట్టాను. వినడానికి అక్కడ నంది తప్ప ఎవరూ లేరు.

గుడి లోపల 9 అంతస్తుల తూర్పు గోపురం నీడ ఒక చీకటి గదిలో గోడ మీద తలకిందులుగా పడుతుంది. చిన్న రంధ్రంలోంచి వెలుగు వచ్చి చేసే పని అది. రాయలు పట్టాభిషేక సమయంలో కట్టించిన రంగమంటపం పైకప్పు మీద బొమ్మలు చూస్తూ మెడ నొప్పి పుట్టించుకున్నాం. తర్వాత హేమకూటం పక్కన సాసివెకాళు గణపతి. అంటే ఆవగింజ గణపతి అని అర్థమట. ఎనిమిదడుగుల విగ్రహానికి ఆ పేరేమిటో! 1506లో మన చంద్రగిరి వ్యాపారి ఒకాయన దీన్ని చేయించాడని శాసనం ఉందట. రాజులు చేయించినవి చూసీ చూసీ, ఒక కోమటి చేయించిన దేవుణ్ని చూస్తే మనవాళ్లింటికి వచ్చినట్టనిపించింది.

కృష్ణాలయం దగ్గర ఇంకో మన ఊరి కబురు. రాయలు గజపతుల నుంచి ఉదయగిరి కోట గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి 1513లో ఇక్కడ గుడి కట్టించాడు. ఉదయగిరి అంటే మన నెల్లూరు జిల్లానే. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గుడి ఖాళీ. కాస్త ముందుకెళితే ఏడు పడగల శేషుడి కింద నరసింహస్వామి. 1528 నాటిది, 6.7 మీటర్ల ఏకశిల. ఒళ్లో ఉండాల్సిన లక్ష్మీదేవి లేదు. 'ఇటు రండమ్మా' అని గైడు పక్కకి తీసుకెళ్లి చూపించాడు. స్వామి వీపు మీద అమ్మవారి చెయ్యి ఒక్కటే మిగిలి ఉంది. నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను.

* * *

అసలైన సైకిలు ప్రయాణం ఆ తర్వాతే. మెయిన్ రోడ్డు వదిలి అరటితోటల మధ్య కాలవ గట్టు మీదికి మళ్లించాడు. చల్లటి గాలి, తడి మట్టి వాసన. కారులో వచ్చేవాళ్లకు ఈ దారి దొరకదు, నడిచేవాళ్లకు ఓపిక చాలదు. ఈ కాలవ విజయనగరం రోజుల నాటిదేనట. తుంగభద్రకు అడ్డంగా రాళ్ల ఆనకట్టలు వేసి తవ్విన కాలవల్లో కొన్ని ఇప్పటికీ పారుతున్నాయి. మేడలు పోయాయి, సింహాసనం పోయింది, నీళ్లు మాత్రం రైతు పొలానికి వస్తూనే ఉన్నాయి. 31 ఏళ్లలో నేను ఆ కాలవల గురించి రెండు మార్కుల ప్రశ్న కూడా ఇవ్వలేదు.

ఆ మురిపెంలోనే చున్నీ జారి చెయిన్‌లో పడింది. సైకిలు టక్కున ఆగింది. పడలేదు గానీ ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాను. చిన్నప్పుడు నా పరికిణీ అంచులన్నీ ఇలాగే నల్లబడేవి. గైడు సైకిలు తలకిందులు చేసి, పెడల్ వెనక్కి తిప్పుతూ ఓపిగ్గా చున్నీ లాగాడు. అప్పుడడిగాను, 'బాబూ, ఇక్కడ రత్నాలు రాశులు పోసి అమ్మేవాళ్లంటారు. దొంగలు ఎత్తుకుపోయేవాళ్లు కాదా?' అని.

గైడు నవ్వలేదు. గ్రీజు చేతులు గడ్డికి తుడుచుకుంటూ చెప్పాడు. 1443లో పారశీకం నుంచి వచ్చిన అబ్దుర్ రజాక్, ఇక్కడ బజార్లో కెంపులు, ముత్యాలు, వజ్రాలు బాహాటంగా అమ్ముతున్నారని రాశాడు. ఆయన లెక్క ప్రకారం నగరానికి కాపలా భటులే 12,000 మంది. వాళ్ల జీతాలు ఎక్కణ్నుంచి వచ్చేవో కూడా రాశాడు. వేశ్యావాటికల మీద వచ్చే పన్నులోంచి! (ఇది మాత్రం ఏడో తరగతికి చెప్పగలిగే జవాబు కాదు.) తర్వాత దాదాపు వందేళ్లకు వచ్చిన పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ ఇంకో ముక్క రాశాడు. ఎంత చిన్న దొంగతనం చేసినా ఒక కాలు, ఒక చెయ్యి తీసేవారట.

'అంటే దొంగలు ఉన్నారన్నమాటేగా!' అంది మా అమ్మాయి. 'మరి? దొంగలు లేకపోతే 12,000 మంది ఎందుకక్కా?' అన్నాడు గైడు. అంత తేలికైన ప్రశ్న. దానికి అంత చక్కటి జవాబు. నేను ఒక పిల్లవాడి నోరు మూయించి పెట్టిన ప్రశ్న.

* * *

రాజప్రాసాదాల ఆవరణలో నాకు ఇంకో దెబ్బ తగిలింది. నా మనసులో భువనవిజయం అంటే సినిమా సెట్టే. ఎత్తయిన స్తంభాలు, పట్టు తెరలు, వరుసగా అష్టదిగ్గజాలు. ఇక్కడ రాయల కొలువుకూటం అని చూపించేది ఒక రాతి అరుగు. దాని మీద పది వరుసల్లో పదేసి స్తంభాల గుర్తులు. మొత్తం నూరు. అవన్నీ కొయ్య స్తంభాలు. కాలి బూడిదయ్యాయి. దేవుడికి రాయి, రాజుకు కొయ్య అన్నది అప్పటి పద్ధతి. అందుకే గుళ్లు మిగిలాయి, మేడలు పోయాయి. మహర్నవమి దిబ్బ ఎక్కి చూస్తే చుట్టూ అరుగులే అరుగులు. 1520 ప్రాంతంలో వచ్చిన పేస్ అనే పోర్చుగీసువాడు ఈ ఊరు రోమ్ నగరమంత ఉందని రాసుకున్నాడంటే, ఆ దిబ్బ మీద ఎండలో నిలబడి నమ్మడం కష్టమే.

లోటస్ మహల్ కమానులు, పదకొండు గదుల ఏనుగుల సాల గుమ్మటాలు చూస్తే మసీదు పనితనం తెలిసిపోతుంది. కమలాపురంలో భోజనం చేసి విఠలాలయం వైపు వెళ్లే దారిలో నిజంగానే ఒక మసీదు ఉంది. రెండో దేవరాయల కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో కట్టించాడు. తళ్లికోట పాఠాన్ని నేను బోర్డు మీద రెండు గళ్లు గీసి చెప్పేదాన్ని. ఇటు వీళ్లు, అటు వాళ్లు. అటువైపు గడిలో ఉన్న గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా, అన్నకు భయపడి పారిపోయి వచ్చి 1543 నుంచి ఏడేళ్లు ఈ ఊళ్లోనే రామరాయల అతిథిగా ఉన్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే. అన్నం పెట్టిన ఇంటి మీదికి 1565లో మిగతా సుల్తానులతో కలిసి వచ్చాడు. ఇది నేను చదవని సంగతేం కాదు. పరీక్షలో రాదని వదిలేశానంతే. ఆ వీధిలో సైకిలు తొక్కుతుంటే ఎందుకు వదిలేశానా అనిపించింది.

విఠలాలయంలో మా అమ్మాయి పర్సులోంచి యాభై రూపాయల నోటు తీసి, రాతి రథం ముందు పట్టుకుని ఫొటో తీసుకుంది. అక్కడ అందరూ చేసే పనే అది. 1856లో గ్రీన్‌లా అనే దొర తీసిన ఫొటోలో ఈ రథం పైన ఇటుకల గోపురం ఉంది. సప్తస్వర స్తంభాలను ముట్టుకోనివ్వరు. మంచిపనే. గైడు తన సెల్‌ఫోన్లో ఉన్న రికార్డు వినిపించాడు.

సాయంత్రం మళ్లీ విరూపాక్ష వీధికి వచ్చేసరికి నా మోకాళ్లు నావి కావు. అక్కడ ఒక రాతి మంటపం ముందు గైడు సైకిలు ఆపాడు. 'ఇదమ్మా మా ఇల్లు' అన్నాడు. పరిహాసమనుకున్నాను. కాదు. రెండు స్తంభాల మధ్య గోడ పెట్టుకుని, వాళ్ల తాత రోజుల నుంచి అక్కడే కాపురం, ముందు చిన్న హోటలు. 2011లో అధికారులు ఈ వీధిలో ఇళ్లూ దుకాణాలూ కూలగొట్టించారు. 300కు పైగా కుటుంబాలు కదిలిపోయాయి. తర్వాత నాలుగు కిలోమీటర్ల అవతల కడ్డిరాంపురంలో స్థలాలిచ్చారట.

పైకి చూడమన్నాడు. రాతి కప్పు మీద ఒక మూల నల్లటి మసి. 'మా అవ్వ పొయ్యి అక్కడుండేది.'

మాకు ఏమనాలో తోచలేదు. ప్రపంచ వారసత్వ సంపదకు పొయ్యి పొగ పెట్టడం తప్పేనని నాలోని టీచరు అంటోంది. ఆ పొయ్యి మీద వండిన అన్నం తిని పెరిగినవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. 'కోపం రాలేదా బాబూ?' అన్నాను. 'వచ్చిందమ్మా. మంటపానికి మేకులు కొట్టింది మేమేగా, అదీ తెలుసు. కానీ ఐదొందల ఏళ్లు ఇది బజారే కదా. బజారంటే మనుషులుండాలి కదా' అన్నాడు. సైకిలు మీద నుంచి నా పర్సు తీసిచ్చి, చీకటి పడకముందే ఆటో ఎక్కమని తొందర పెట్టాడు.

* * *

ఊరికి తిరిగొచ్చాక మోకాళ్లకు మూడు రోజులు కాపడం పెట్టుకున్నాను. నాలుగో రోజు మా వీధి చివర కిరాణా కొట్టుకెళ్లి, ఆ పిల్లాడి నాన్న దగ్గర వాడి నంబరు తీసుకున్నాను. పిల్లాడేమిటి, హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్లాం, కొడుకు! ఫోన్ చేసి రజాక్ సంగతి, నూనిజ్ సంగతి చెప్పాను. పన్ను మాట మాత్రం దాటేశాను. అంతా విని, 'నేనలా అడిగానా టీచర్? నాకు గుర్తే లేదు' అన్నాడు. 'నాకు గుర్తుంది. నేను కసిరాను' అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'మావాడు ఇప్పుడు ఏడో తరగతే టీచర్, వాడికోసారి చెప్పండి' అని ఫోన్ కొడుకు చేతికిచ్చాడు.

వాడు అంతా విన్నాడు. 'మరి ఆ రత్నాలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి అమ్మమ్మా?' అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తళ్లికోటలో రామరాయల తల తెగిన దగ్గర మొదలుపెట్టి, ఆయన తమ్ముడు తిరుమలరాయలు వందల ఏనుగుల మీద ధనరాశులు ఎక్కించుకుని పెనుకొండకు వెళ్లిన దాకా వచ్చాం. అప్పటికే అరగంట అయింది.