మా పట్టికలోని సున్నాలు

అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ అనగానే తామరపూలు, తాటిదోనెలు, శీతకాలంలో వచ్చే పక్షులు జ్ఞాపకం వస్తాయి. కప్పల కోసం అక్కడికి వెళ్ళేవారు అరుదు. గడచిన రెండు వర్షకాలాలుగా మేము నలుగురం ఆ అరుదైనవారిలో చేరాము. నలుగురమూ మా కర్మాగారంలోని కంప్రెసర్ విభాగం వాళ్ళమే కావడం గమనార్హం; ఎందుకో తరువాత చెబుతాను.

పని కష్టమైనది కాదు. చీకటి పడ్డాక ఒడ్డుకు చేరి, టార్చి ఆర్పి, మన అలికిడికి బెదిరిన కప్పలు కుదుటపడేదాకా కదలక నిలబడాలి. తరువాత అయిదు నిమిషాలు వినాలి. ఏ గొంతుకు ఆ గొంతు విడిగా వినిపిస్తే 1, కలగలిసినా లెక్కకు అందితే 2, అందని మేళమైతే 3, అసలు లేకుంటే సున్నా అని జాతివారీగా పట్టికలో వేయాలి. కూసేవి మగకప్పలే కనుక ఇది జనాభా లెక్క కాదు. ఏటేటా ఒకే రీతిగా వింటే తరుగుదల మాత్రం తెలుస్తుంది. ప్రపంచంలోని ఉభయచర జాతులలో నూటికి దాదాపు 41 అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2023లో వెలువడిన అంచనా. కప్పకాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లోనే నిషేధించింది కానీ, చెరువులు పూడ్చకుండా ఆపడం అంత తేలిక కాలేదు.

మొదటి ఏడు పట్టిక చక్కగా నిండింది. తొలివానకు పసుపుపచ్చగా మారి, గొంతుకు ఇరువైపులా నీలిబుడగలు ఉబ్బించి కూసే పెద్దకప్పలు, ఎడతెగక గురగురలాడే గోదురుకప్పలు. ఒక్క గడిలో మాత్రం వరుసగా సున్నాలే. అది అంగుళమైనా లేని ఒక చిన్న కప్పది. పాపం, ఈ ఆవలో అది అంతరించిందని నలుగురమూ విచారించాము.

రెండవ ఏడు మా అమ్మాయి కూడా వచ్చింది. అయిదు నిమిషాలు పూర్తికాకుండానే నా చేయి పట్టుకుంది. "నాన్నా, దువ్వెన పళ్ళమీద గోరుతో గీకుతున్నట్టు ఇంత గట్టిగా కూస్తుంటే సున్నా వేస్తావేం?"

నేను చెవి ఒగ్గాను. వినిపించలేదు. మిత్రుల వంక చూశాను. వారూ నా వంకే చూస్తున్నారు.

ఇరవై ఎనిమిదేళ్ళు కంప్రెసర్ల పక్కన పనిచేశాను. చెవిబిరడాలు ఇచ్చారు, జేబులో వేసుకు తిరిగాను. వినికిడి పరీక్షలో 3,000 నుండి 6,000 హెర్ట్జ్‌ల మధ్య గీత కిందికి దిగిందని డాక్టరుగారు చూపినప్పుడు, మాటలు వినిపిస్తున్నాయి కదా అని నవ్వేశాను. మోత ముందుగా తినేది సన్నని స్వరాలనేనట.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, మొదటి ఏటి పట్టికలు తీసి, ఆ గడిలోని సున్నాలన్నీ ఒక్కొక్కటే కొట్టివేసి, పక్కన "మాకు వినబడలేదు" అని రాశాను.

వచ్చే జూన్‌లో మా అమ్మాయి పైచదువులకు వెళుతోంది. క్వార్టర్లలో చెవులు బాగున్న పిల్లలెవరైనా ఉంటే, పెద్దల అనుమతితో మాతో పంపవలసిందిగా కోరుతున్నాను. టార్చి నేను పట్టుకుంటాను.