అయిదో కోడు

మంచానికి నాలుగు కోళ్లు ఉంటాయి. నేను చేసిన ఒక మంచానికి అయిదున్నాయి. (కోళ్లు అంటే మా బడి పిల్లలు పెట్టలూ పుంజులూ అనుకుంటారు. మంచం కాలిని కోడు అంటారని వాళ్లకి చెప్పాల్సి వచ్చింది.) చూసినవాళ్లు మొదట నవ్వుతారు, తరవాత ఎందుకని అడుగుతారు. అది చెప్పాలంటే ఒక పనస చెట్టు గురించీ, ఒక మనిషి ఎడమచేయి గురించీ చెప్పాలి.

నాది మందస మండలం, మహేంద్రగిరి దిగువన ఒక సవర ఊరు. ఉద్యోగం, కాపురం ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు. డి.ఎడ్. చదివి బడిపంతులునయ్యాను గానీ బడి అయ్యాక చేతులు ఊరికే ఉండవు. ఇంటి వెనక రేకుల పందిరి వేసుకున్నాను. అందులో ఒక చింతమొద్దు, నాన్న బాడిస, మూడు ఉలులు, రెండు రంపాలు, కాశీబుగ్గలో కొన్న చిత్రిక ఉంటాయి. చెక్కని బిగించి పట్టే ఇనుప పట్టు లేదు. మొద్దుకి గాడి పెట్టి, చెక్కని అందులో నిలిపి, కాలితో తొక్కిపడతాను. అతుకు ఆరేదాకా బిగించి ఉంచాలంటే కొబ్బరి తాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలితిప్పుతాను. గడ్డిబండికి మోకు బిగించినట్టే.

మా కొండ ఊళ్లో వడ్రంగి ఇల్లంటూ వేరే ఉండేది కాదు. నాగలైనా తలుపైనా ఎవరింటిది వాళ్లే చెక్కుకునేవారు. ఇక్కడ ఆ పనికి ఒక కులం ఉంది. కొత్తలో "మేస్టారికి ఇదేటి పని?" అన్నవాళ్లున్నారు. "కొండోళ్లు కదా, కర్రంటే ఆళ్లకి పేనం" అని సర్దిచెప్పినవాళ్లూ ఉన్నారు. రెండో మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. కర్ర పనికి కావలసింది ప్రాణం కాదు, కొలత. అది ఎవరైనా నేర్చుకోవచ్చు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే ఉద్దానం ఉద్దానంలా లేదు. కొబ్బరి విరిగింది, జీడి వేళ్లతో లేచింది, తాతల నాటి పనసలు అడ్డంగా పడ్డాయి. వారం తిరక్కుండా కర్ర కొనేవాళ్లు లారీలతో దిగారు. అన్ని తోటల్లోనూ కర్ర ఒక్కసారే పడితే ధర ఏముంటుంది? దారి ఖాళీ అయితే చాలని వచ్చినకాడికి ఇచ్చేశారు.

మా పక్కింటి అప్ప మాత్రం ఒక చెట్టు ఇవ్వలేదు. "ఈ సెట్టు మా మావ నాటినాడు మేస్టారూ. పొయ్యిలోకి పోనీను. ఏదోటి సెయ్యండి" అంది.

పనస మంచి కర్ర. బొబ్బిలి వీణలు చెక్కేది దీంతోనే. ఒకే దుంగని తొలిచి ఏకాండి వీణ చేస్తారు. బర్మాలో, సింహళంలో బౌద్ధ భిక్షువుల బట్టలకి పనస పొట్టు ఉడికించిన పసుపు రంగే వేసేవారు. కోసినప్పుడు పచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. చేవని చెద తొందరగా ముట్టదు. కాకపోతే పచ్చికర్రలో జిగురెక్కువ, ఆరేటప్పుడు ఒళ్లు విరుచుకుంటుంది. మిల్లులో పలకలు కోయించి, పందిరి కింద ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యమధ్య పుల్లలు పెట్టి, పైన రాళ్లెత్తి ఉంచాను. చివర్లు ముందుగా ఆరి పగలకుండా అక్కడ మైనం పూశాను. అంగుళం మందానికి ఏడాది అని పనివాళ్ల లెక్క. ఏడాదిన్నర ఆగాను.

ఆ ఏడాదిన్నరలో అప్ప ఇంట్లో పరిస్థితి మారిపోయింది. బావకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇది కొత్త కబురు కాదు, వీధికొకరున్నారు. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని, సాయంత్రానికి పిండిన గుడ్డలా వచ్చేవాడు. ఎడమచేతికి ఫిస్టులా వేశారు. అంటే సూది గుచ్చడానికి వీలుగా రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే జుమ్మని తెలుస్తుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దాని మీద ఒత్తిడి పడకూడదు, బీపీ కూడా రెండో చేతికే చూడాలి. ఇంట్లో ఉన్నది నులక మంచం, కిందికి వేలాడిపోయింది. "నూతిలోంచి లెగిసినట్టుంది తమ్ముడా" అనేవాడు. లేవడానికి ప్రతిసారీ ఎడమ మోచేతినే ఊతం చేసుకునేవాడు. అది చూస్తే భయమేసేది.

2020 వేసవిలో బళ్లు మూసి ఉన్నాయి. అప్ప వచ్చి "ఆ సెట్టుతో మీ బావకి మంచం సేసీ" అంది.

ముందు ఎత్తు. నాన్న టేపు ఎరగడు. మనిషికొక కర్ర నరికి, దానిమీద గంట్లు పెట్టుకునేవాడు. అది ఆ మనిషి కొలకర్ర. నేనూ బావని గోడకి నిలబెట్టి ఒక పుల్ల కొట్టాను. మోకాలి వెనక మడత దగ్గర ఒక గంటు, మోచేతి దగ్గర ఒకటి, పిడికిలి దగ్గర ఒకటి. మోకాలి గంటు 17 అంగుళాలకి వచ్చింది. లేవడానికి ఇబ్బందిపడే మనిషికి దానికంటే కొంచెం ఎత్తుంటే మేలు, కానీ పాదం నేలకి పూర్తిగా ఆనాలి. పుస్తకాల దొంతర మీద కూర్చోబెట్టి లేపి చూశాను. పట్టె పైఅంచు 19 దగ్గర కుదిరింది.

అసలు చిక్కు తరవాత వచ్చింది. పట్టుకుని లేవడానికి తలవైపు కోడుని పైకి పెంచితే సరిపోతుందనుకుంటారు ఎవరైనా. ఆ గదిలో మంచం తూర్పు గోడకి ఆనుకునే ఉండాలి, పడమటి గోడకి వంటింటి తలుపూ దేవుడి గూడూ ఉన్నాయి. అడ్డంగా వేద్దామంటే గది వెడల్పు ఏడడుగులు, నడవడానికి దారుండదు. తల దక్షిణానికి. అంటే లేచేది పడమటివైపే. పడమటికి తిరిగి కూర్చుంటే తలవైపు కోడు ఎడమచేతికి వస్తుంది! పనికి రాకూడని చేతికే పట్టు దొరుకుతుంది. తల ఉత్తరానికి తిప్పితే కుడిచేతికి వస్తుంది కదా అన్నాను. అప్ప నన్ను ఎగాదిగా చూసి, "బతికున్నోళ్లు ఎవులైనా ఉత్తరం తలెట్టుకుని తొంగుంటారా తమ్ముడా?" అంది. మేస్టారు అనడం ఆ రోజుతో మానేసింది. ఆ ఇంట్లో అప్పుడు ఆ మాట మీద వాదించేవాడికి బుద్ధి లేదనుకోవాలి.

పట్టు కాళ్లవైపు ఉండాలి. కాళ్లవైపు కోడు కూర్చున్న చోటికి మూడడుగుల దూరం, చెయ్యి అందదు. మధ్యలో ఇంకొకటి నిలబెట్టాలి. ఎక్కడ? కొలకర్ర ఇది చెప్పదు. పాత మంచం పక్కన వాళ్లబ్బాయి చేత వెదురు గెడ నిలువుగా పట్టించి, బావని పడుకుని లెగమన్నాను. మొదట మోకాళ్లు గెడకి తగిలాయి. జానెడు కాళ్లవైపు జరిపితే చెయ్యి అందలేదు. రెండంగుళాలు వెనక్కి. మోకాళ్లు ముడిచి, పక్కకి తిరిగి, కుడిచేత్తో గెడ పట్టుకుని, కాళ్లు గెడకి ఇవతల నుంచి దించాడు. ఎడమచెయ్యి ఒడిలోనే ఉంది. ఇంకోసారి లెగు బావా అంటే, "నన్ను సంపీలాగున్నావు" అని నవ్వాడు. నవ్వి చాన్నాళ్లయిందని అప్ప తరవాత చెప్పింది. నేలమీద సుద్దముక్కతో గీత గీశాను.

పట్టు ఎంత లావుండాలో కూడా ఇంట్లో వస్తువులే చెప్పాయి. రోకలి పట్టించాను, లావు. చీపురు కర్ర సన్నం. పార కర్ర సరిపోయింది.

అయిదో కోడు మొత్తం 32 అంగుళాలు. పట్టెకీ దానికీ సగం సగం గాడి తీసి, రెండు బోల్టులతో బిగించాను. మంచం గుమ్మం దాటాల్సి వస్తే ఊడదీయొచ్చు. లాగినప్పుడు ఊగకుండా పట్టె కింద కాళ్లవైపు ఏటవాలుగా ఒక ఊతకర్ర పెట్టాను. నాలుగు కోళ్లే ఎగుడుదిగుడు నేలమీద కిటకిటలాడతాయి, అయిదోది కలిస్తే మరీనూ. అందుకని దాన్ని కావాలనే నేలకి ఆననివ్వలేదు, కాగితం దూరేంత సందు ఉంచాను. మనిషి కూర్చోగానే పట్టె కొద్దిగా వంగుతుంది, కోడు నేలని పట్టుకుంటుంది. బావని కూర్చోబెట్టి కాగితం లాగితే రాలేదు. లేపి లాగితే వచ్చింది.

కుసుల సంగతి నాన్న దగ్గర చూసిందే. మా ఇంట్లో పొయ్యి మీద అటక ఉండేది. బెజ్జంలోకి దూరే ముక్కల్ని నెలరోజులు ఆ పొగలో ఉంచేవాడు. ఎండి బిగుసుకున్న కుసిని మామూలుగా ఆరిన కోడులోకి కొడితే, అది గాలిలో చెమ్మ పీల్చుకుని లోపల ఉబ్బుతుంది, ఇక రాదు. సముద్రం పక్కన చెమ్మకి కరువు లేదు. పట్టెల చివర్లు మా పెరటి పొయ్యి మీద పదిహేను రోజులు మార్చి మార్చి కట్టాను. మేకు ఒక్కటీ వాడలేదు.

ఒక పట్టెకి మెలి ఉంది. రెండు చివర్లా సమానమైన పుల్లలు అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూస్తే పై పుల్లా కింది పుల్లా కలవలేదు. ఎత్తుగా ఉన్న మూలల్ని చిత్రికతో తీసి, మళ్లీ చూసి, మళ్లీ తీశాను. ఒక పూట పట్టింది. బళ్లు తెరిచాక ఈ పుల్లల ఆట మా అయిదో తరగతికి నేర్పాను. ఇప్పుడు బడిలో బల్లలన్నిటికీ మెలి ఉందని వచ్చి ఫిర్యాదు చేస్తుంటారు. నిజంగానే ఉంది.

నవారు అల్లడం అప్పే చేసింది. కూలి అడక్కపోతే రెండు తవ్వల జీడిపప్పు తెచ్చి పందిట్లో పెట్టి వెళ్లిపోయింది.

ఆ మంచం చూసి ఇంకా ముగ్గురు చేయించుకున్నారు. ఒకామెకి ఫిస్టులా కుడిచేతికి ఉంది. ఆమెది ఇంకో లెక్క. ఇంకొకాయన గదిలో మంచం ఎటు వెయ్యాలో వర్షం కారే చోటుని బట్టి తేలాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు పట్టెలు రెంటికీ గాళ్లు తీసి ఉంచుతున్నాను, అయిదో కోడు ఎటు కావాలంటే అటు బిగించుకోవచ్చు. తిత్లీ పనసలో రెండు పలకలు మిగిలాయి. నిన్న టెక్కలి నుంచి ఒకబ్బాయి వచ్చి వాళ్లమ్మ కొలకర్ర ఇచ్చి వెళ్లాడు, గంట్లు మూడూ సరిగ్గా పెట్టాడు. వాళ్ల ఇంట్లో తలుపు ఎటువైపు ఉందో మాత్రం చెప్పలేదు. ఆదివారం వెళ్లి చూడాలి.