చింతచెట్టు మీంచి పడ్డవాడి కాగితాలు

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో దెంకనికోట దాటాక రోడ్డు అడవిలోకి దిగుతుంది. ఏనుగులున్నాయి జాగ్రత్త అంటూ అటవీశాఖ బోర్డులు. అడవి మలుపులు ముగిసేచోట అంచెట్టి. హోసూరు ఫ్యాక్టరీలు ఇక్కడికి సుమారు యాభై కిలోమీటర్లే. టీకొట్టు దగ్గర తెలుగు, కన్నడం, తమిళం కలిసే వినబడతాయి. ఆఫీసు కాగితం మాత్రం తమిళంలోనే ఉంటుంది.

ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఒక పల్లెలో ఆ ఇంటికి వెళ్లాను. ఇంటాయన చింతకాయ దులపడానికి చెట్టెక్కాడు. కొమ్మ విరిగింది. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. భార్య ప్లాస్టిక్ కవరు విప్పి కాగితాలన్నీ చాప మీద పరిచింది: రేషన్ కార్డు, ఆధార్, ఆస్పత్రి డిశ్చార్జి చీటీ, చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోయిన ఎక్స్‌రేలు. అన్నిటికంటే కింద వైకల్య సర్టిఫికెట్. అది తాత్కాలికం, గడువు తీరింది. మళ్లీ డాక్టర్ల ముందుకు ఆయన్నే తీసుకెళ్లాలి.

“ఆయన్నే పిల్చుకొని రమ్మంటారన్నా. లేచి వచ్చేవాడైతే మేము పింఛనీ యెందుకు అడుగుతాము?” అంది ఆమె.

బస్సులో కుదరదు. మొదటిసారి గూడ్సు ఆటోలో పరుపేసి పడుకోబెట్టి తీసుకుపోయారట. ఆ కుదుపులకు వీపున పుండు రేగి, మానడానికి నెలలు పట్టింది. ఆ మచ్చ నాకు చూపించారు, అరచేయంత ఉంది.

ఇదే నడుము హోసూరులో ఈఎస్ఐ బీమా ఉన్న ఫ్యాక్టరీలో, పనిలో ఉండగా విరిగి ఉంటే దారి వేరు. సంపాదించే శక్తి పూర్తిగా పోయిందని మెడికల్ బోర్డు తేలిస్తే, జీతంలో 90 శాతం చొప్పున జీవితాంతం వస్తుంది. చింతచెట్టుకు యజమాని రిజిస్టరు లేదు, చందా లేదు. ఇక మిగిలేది ప్రభుత్వ భత్యమే. తమిళనాడులో వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు నెలకు 2,000 రూపాయలు. ఈ జిల్లాకు ఆనుకునే ఉన్న ఆంధ్రప్రదేశ్ కుప్పంలో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాతం మనిషికి 2024 జులై నుంచి 15,000. సరిహద్దు దాటి పెళ్లి సంబంధాలున్న కుటుంబాలకు ఈ తేడా బాగా తెలుసు. అయితే అక్కడా 2025లో సర్టిఫికెట్లను మళ్లీ పరీక్షించారు. డబ్బు ఎంతైనా, రుజువు భారం మాత్రం రెండు వైపులా రోగిదే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం వైకల్యం ఉంటే ప్రయోజనాలకు అర్హత. ఆ శాతం కట్టేటప్పుడు కాళ్ల కదలిక చూస్తారు. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య ఎంత అడవి ఉందో చూడరు. సర్టిఫికెట్ ఇవ్వడానికి 2017 నియమాల్లో ఒక నెల గడువు ఉండేది, 2024 సవరణలో అది మూడు నెలలైంది. పుండ్లతో మంచాన ఉన్న మనిషికి అదనపు రెండు నెలలంటే ఏమిటో ఆ సవరణ రాసినవాళ్లు ఒకసారి ఇక్కడికి వచ్చి చూడాలి.

డాక్టర్లు రోగి ఇంటికే వెళ్లడం సాధ్యం కాదంటే నేను ఒప్పుకోను. బీపీ, షుగరు మందులు, ఫిజియోథెరపీ గడప దగ్గరికే చేర్చే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది ఈ కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లిలో. మందు పట్టుకొని గడప తొక్కగలిగిన ప్రభుత్వం కొలతల ఫారం కూడా పట్టుకొని రాగలదు. నెలకొకసారి ఒక ఎముకల డాక్టరు తాలూకాలో తిరిగితే, కదల్లేనివాళ్ల సర్టిఫికెట్లు ఇళ్లలోనే తేలిపోతాయి.

సోమవారం కృష్ణగిరి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఆమెకు తమిళం మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. పక్కింటి కాలేజీ అమ్మాయి అర్జీ రాసిపెట్టింది. ఈసారి ఆయన్ని కదిలించనంది. మంచం మీదున్న మనిషినీ, వీపు మీది మచ్చనూ ఫోనులో వీడియో తీసి, ఒక్కదాన్నే బయలుదేరుతానంది.