గిటార్ అంచున జిట్రేగి

తెరమీద హీరో గిటార్ మీటుతుంటే అందరూ వేళ్లకేసి చూస్తారు. నా చూపు మాత్రం దాని అంచుమీదే! ఆ సన్నని పట్టీ సోకు కోసమే అనుకునేరు... చెక్క కొసల్లోంచి చెమ్మ దూరకుండా, దెబ్బ తగిలితే చీలకుండా కాసేది అదే.

మందం సుమారు 2 మిల్లీమీటర్లు. తడిపి, కాలిన గొట్టానికి ఆనించి మెల్లగా వంచుతాను. వేడికి మెత్తబడ్డ చెక్క చల్లారాక ఆ వంపులోనే బిగుస్తుంది. నడుము దగ్గరే అసలు పరీక్ష. తొందరపడితే ఫట్! అదే పలకలో కోసిన జోడీ మళ్లీ దొరకదు. అందుకే ఊపిరి బిగబడతాను.

అన్నట్టు, అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి మన దేశపు రోజ్‌వుడ్‌కి మారింది. అదే మన జిట్రేగి!

పాట హిట్టయితే పేరు హీరోది. అంచు వంచిన చేతులకి టైటిల్స్‌లో చోటేదీ? మీరైనా ఓసారి అటు చూడండి.